దస్తూరి ఎవరిది?

పొలం గాని ఇల్లు గాని కొనబోయే మనిషి ముందు ఈనాడు రెండు దారులున్నాయి. సబ్‌రిజిస్ట్రారు కచేరీ ఎదుట రేకుల పంచలో కూర్చున్న దస్తావేజు లేఖరి దగ్గరికి పోవడం మొదటి దారి. ప్రభుత్వ పోర్టల్‌లో తానే వివరాలు నింపుకొనో, ఆన్‌లైన్‌లో పత్రాలు తయారుచేసిపెట్టే సంస్థకు రుసుము చెల్లించో, స్లాట్ బుక్ చేసుకుని ఆ వేళకు వెళ్ళి వేలిముద్ర వేసి రావడం రెండో దారి. మొదటి దారిని సమర్థించేవారు "ఊరి మనిషి, మన భూమి తెలిసినవాడు" అంటారు. రెండో దారిని సమర్థించేవారు "దళారీ లేడు, మామూళ్లు లేవు, అంతా పారదర్శకం" అంటారు. ఈ రెంటిలో ఏది మేలని నన్ను అడిగినవారు చాలామంది వున్నారు.

చర్చ ఈ రూపంలో నడిచినంతకాలం తేలదని నా అభిప్రాయం. పనిముట్టును గురించి వాదిస్తున్నాము గాని, ఆ పనిముట్టు ఎవరి చేతిలో వున్నదో అడగడం లేదు. భూమి చేతులు మారిన ప్రతి సందర్భంలోనూ ముగ్గురుంటారు: అమ్మేవాడు, కొనేవాడు, రాసేవాడు. మొదటి ఇద్దరిని గురించి మన సామాజిక చరిత్ర ఎంతో కొంత చెప్పింది. మూడోవాడిని గురించి చెప్పింది బహు తక్కువ. రాసేవాడు ఎవరి మనిషి, తాను రాసినదానికి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నతో మన చరిత్రను ఒకసారి తిరగవేస్తే, ఈనాటి చర్చకు కూడా దారి దొరుకుతుంది.

1

తెలుగు సాహిత్య చరిత్రకూ దస్తావేజుల చరిత్రకూ మొదట్లోనే బంధుత్వం వున్నది. రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానం చేస్తూ సుమారు 1053లో వేయించిన శాసనాన్ని రచించినది నన్నయభట్టు. మనం ఆదికవి అని పిలుచుకునే మహాకవి చేతి మీదుగానే ఒక భూదానపత్రం కూడా నడిచింది. ఇది ఆయనకు తక్కువతనమేమీ కాదు. భూమిపై అధికారమూ అక్షరంపై అధికారమూ ఒకే సభలో, పక్కపక్క ఆసనాల మీద కూర్చున్నాయనడానికి ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఆనాటి తామ్రశాసనాలలో గమనించవలసిన విశేషం ఇంకొకటి వున్నది. రాజవంశ ప్రశస్తి, దాత కీర్తి, గ్రహీత పాండిత్యం సంస్కృతంలో సాగుతాయి. గ్రామం హద్దులు చెప్పవలసి వచ్చేసరికి చాలా శాసనాలు తెలుగులోకి దిగుతాయి. చెరువు, వాగు, పుట్ట, చింతచెట్టు, పక్క ఊరి పొలిమేర - వీటికి సంస్కృతం చాలలేదని కాదు. ఆ హద్దుల మీద నడిచేవాడు, ఆ భూమిని దున్నేవాడు తెలుగువాడు కనుక. ఎంత గొప్ప రాజుకైనా హద్దు దగ్గర దున్నేవాడి మాట కావలసివచ్చింది. హద్దులను గురించిన ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఈనాటి పోర్టల్ దగ్గర దీనితో మళ్ళీ పని పడుతుంది.

దస్తావేజు భాషను విప్పి చూస్తే పాలకుల వరుస అంతా అందులో కనిపిస్తుంది. క్రయం, ప్రతిఫలం సంస్కృతం. దస్తావేజు, దస్తూరి, తనఖా, హక్కు, బైనామా పారశీకం అరబ్బీల నుంచి వచ్చినవి. స్టాంపు, రిజిస్ట్రేషను, సర్వే నంబరు ఇంగ్లీషు. నిధి, నిక్షేప, జల, పాషాణాలతో మొదలయ్యే అష్టభోగాల జాబితా శాసనాల నుంచి దిగి వచ్చి, నిన్నమొన్నటి అరెకరం క్రయపత్రంలో కూడా చోటు సంపాదించింది. ఆ అరెకరంలో నిధి వుండదు, నిక్షేపం వుండదు. అయినా సంతకం చేసేవాడికి అర్థంకాని నాలుగు మాటలు లేకపోతే అది దస్తావేజు అనిపించుకోదు. అర్థంకాకపోవడం దాని అధికారంలో ఒక భాగం.

2

కంపెనీ పాలనలో 1802వ సంవత్సరం మన ప్రాంతానికి చాలా ముఖ్యమైనది. మద్రాసు ప్రభుత్వం ఆ ఒక్క ఏడాదిలోనే శాశ్వత శిస్తు నిర్ణయానికి 25వ రెగ్యులేషను, జమీందారీ గ్రామాల కరణాల విధులకు 29వ రెగ్యులేషను, దస్తావేజుల నమోదుకు 17వ రెగ్యులేషను చేసింది. భూమి, లెక్క, కాగితం - ఈ మూడింటినీ ఒకేసారి కట్టుదిట్టం చేయడం కాకతాళీయం కాదు. భూమి అమ్ముడుపోయే సరుకు కావాలంటే, అది ఎవరి పేర వున్నదో కాగితం మీద తేలాలి. శిస్తు బాకీపడితే వేలం వేయడానికీ, అప్పు తీరకపోతే జప్తు చేయడానికీ కూడా ఆ కాగితమే కావాలి.

ఆ తరువాత 1864, 1866, 1871, 1877 సంవత్సరాల రిజిస్ట్రేషన్ చట్టాలు వరసగా వచ్చాయి. 1882లో ఆస్తి బదిలీ చట్టం వచ్చింది. నూరు రూపాయలు, అంతకు పైబడిన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని నిర్ణయమయింది. ఈనాటికీ అమలులో వున్న రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది.

ఈ చట్టాల స్వభావాన్ని గురించి మన విద్యావంతులలో కూడా ఒక భ్రమ వున్నది. రిజిస్ట్రేషను అయితే హక్కు ఖాయమయినట్లేనని అనుకుంటారు. ఇక్కడ నమోదయ్యేది పత్రమే, హక్కు కాదు. ఫలానా రోజున ఫలానా మనిషి వచ్చి, ఈ పత్రం నేను రాసి ఇచ్చినదే అని ఒప్పుకున్నాడనడానికి మాత్రమే రిజిస్ట్రారు సాక్షి. అమ్మినవాడికి అమ్మే హక్కు వున్నదా లేదా అని విచారించడం సబ్‌రిజిస్ట్రారు పని కాదని 2025 ఏప్రిల్‌లో కూడా సుప్రీంకోర్టు, తమిళనాడు నిబంధన ఒకదాన్ని కొట్టివేస్తూ, మరోసారి చెప్పింది. హక్కు బాగోగులు చూసుకునే భారం కొనేవాడి నెత్తిన వుంచి, ఫీజు మాత్రం ప్రభుత్వం తీసుకుంటుంది. ఆ భారాన్ని మోయలేని సామాన్యుడికీ కచేరీకీ మధ్య వున్న ఖాళీలో పుట్టినవాడు దస్తావేజు లేఖరి.

వేలిముద్ర కథ కూడా ఇక్కడే చెప్పాలి. వేలిముద్రలు నేరస్థులను పట్టుకోవడానికి పుట్టాయని చాలామంది అనుకుంటారు. బెంగాలులోని హుగ్లీ జిల్లాలో మేజిస్ట్రేటుగా వున్న విలియం హెర్షెల్ 1877లో వాటిని పింఛనుదారుల దగ్గరా, జైలులోనూ, దస్తావేజుల రిజిస్ట్రేషనులోనూ ప్రవేశపెట్టాడు. నేను రాసి ఇవ్వలేదు అని రేపు రైతు ఎదురు తిరగకుండా వుండటానికి అది ఆయుధం. వేలిముద్ర మనిషిని పట్టి ఇస్తుంది. పత్రంలో వున్నది ఆ మనిషికి తెలిసిందా లేదా అన్నది మాత్రం చెప్పదు. 2001 సవరణతో ఫొటో, వేలిముద్ర తప్పనిసరి అయినా ఈ లోపం అలాగే వున్నది.

3

పాత క్రయపత్రాలు నేను చాలా చదివాను. వాటి చివర సాక్షుల సంతకాల కింద "దస్తూరి" అని రాసి ఒక పేరు వుంటుంది. ఆ పత్రాన్ని తన చేత్తో రాసినవాడి పేరు అది. చాలా పల్లెల్లో ఆ పేరు కరణానిదో, కరణం బంధువుదో. శిస్తు లెక్క ఆయన దగ్గర, అడంగలు ఆయన దగ్గర, అమ్మకపు పత్రం కూడా ఆయన చేతిలో. షావుకారుతో రాకపోక, మునసబుతో సఖ్యం, అక్షరం రాని రైతు మీద పెత్తనం - ఇన్నీ వున్న మనిషిని తటస్థుడైన లేఖకుడు అనడం పరిహాసం. గురజాడ కన్యాశుల్కంలో వ్యాజ్యాలూ దొంగసాక్ష్యాలూ బతుకుతెరువుగా చేసుకున్న మనుషులు అంత సజీవంగా కనిపించడానికి కారణం వారు ఆయన చుట్టూ వున్న సమాజంలో దండిగా వుండటమే.

రాసేవాడికి కూలి ఇచ్చేది ఎవరు? 1899 స్టాంపు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, క్రయపత్రం స్టాంపు ఖర్చు కొనేవాడిది. స్టాంపు కొన్నవాడే లేఖరిని తెచ్చుకుంటాడు. అమ్మేవాడు పిలిచినచోటికి వచ్చి, చూపినచోట వేలు వేస్తాడు. ఒకే లేఖరి ఇద్దరికీ రాస్తున్నట్టు పైకి కనిపించినా, ఆచరణలో అతను డబ్బు పెట్టినవాడి లేఖరి.

దీని ఫలితం అప్పుల వ్యవహారంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రైతు రెండు వందల అప్పు కోసం షావుకారు గుమ్మం తొక్కుతాడు. షావుకారు తనఖా వద్దంటాడు, క్రయపత్రమే రాయమంటాడు. అప్పు తీర్చినరోజు భూమి తిరిగి రాసి ఇస్తానని మాట ఇస్తాడు. ఆ మాటను ఒక్కోసారి వేరే కాగితం మీద పెడతాడు. ఈ మోసం ఎంత విరివిగా సాగిందో తెలుసుకోవాలంటే 1929లో ఆస్తి బదిలీ చట్టానికి చేసిన సవరణ చూడాలి. తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో వుంటే తప్ప దాన్ని తనఖాగా భావించడానికి వీల్లేదన్నది ఆ సవరణ. వివాదాలు తగ్గించడానికే చేసి వుండవచ్చు. ఆచరణలో దాని అర్థం ఏమిటి? షరతు అదే కాగితం మీద రాస్తే, అప్పు తీర్చి భూమి విడిపించుకునే హక్కు రైతుకు మిగలవచ్చు. రెండు కాగితాలుగా రాస్తే అది అమ్మకం అయి కూర్చుంటుంది. ఒక కాగితమా, రెండు కాగితాలా? ఒక కుటుంబం తరతరాల బతుకు లేఖరి తీసుకున్న ఆ ఒక్క నిర్ణయం మీద ఆధారపడింది. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు అతని ఎదురుగా, చాపమీద కూర్చున్నవాడు షావుకారు. రైతు వాకిట్లో నిలబడి వున్నాడు.

పత్రంలో "ప్రతిఫలం యావత్తూ ముట్టినది" అని వుంటుంది. చాలాచోట్ల ముట్టినది పైకం కాదు, పాత బాకీ చెల్లు. "ఎవరి బలవంతమూ లేకుండా" అని వుంటుంది. ఆ మాట రాయవలసిన అవసరం రావడమే బలవంతాన్ని పట్టిస్తుంది.

అయితే ఒక న్యాయం చెప్పాలి. దస్తూరి పేరు పెట్టినవాడు రేపు వ్యాజ్యం వస్తే కోర్టు బోను ఎక్కవలసి వచ్చేది. ఆ రోజున ఎవరెవరున్నారు, డబ్బు లెక్కపెట్టారా, పత్రం చదివి వినిపించారా అని వకీలు అడిగితే జవాబు చెప్పవలసి వచ్చేది. అబద్ధం చెప్పినా ఊళ్ళో ముఖం చూపించుకోవాలి. ఆ జవాబుదారీ బలహీనమైనదే, పక్షపాతంతో కూడినదే. కాని దానికి ఒక పేరు వున్నది, ఒక ముఖం వున్నది.

4

తెలంగాణ చరిత్ర దీనికి మరో పార్శ్వం చూపిస్తుంది. అక్కడ పట్వారీ దఫ్తరు, దేశ్‌ముఖు గడీ మధ్య కాగితం తిరిగింది. 1946-51 రైతాంగ సాయుధ పోరాటం తరువాత, 1949లో జాగీర్లు రద్దయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చిన తరువాత, దొరలు చాలామంది పట్నం చేరి భూములు అమ్ముకున్నారు. కొన్నది చిన్నరైతులు, కౌలుదార్లు. రిజిస్ట్రేషను ఖర్చుకు భయపడి, కచేరీకి భయపడి, దొర మాట కాదనలేక తెల్లకాగితం మీద రాయించుకున్నారు. ఇదే సాదా బైనామా. భూమి దున్నుతున్నది ఒకరు, రికార్డులో పేరు ఇంకొకరిది.

రిజిస్టరు పత్రం దున్నేవాడికి ద్రోహం చేసిన కథ కోస్తాలో చూశాము. పత్రమే లేకపోవడం అతనికి చేసిన ద్రోహం ఇక్కడ చూస్తున్నాము. ఈ సాదా బైనామాలను క్రమబద్ధం చేయడానికి 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో తరువాత ఒక సెక్షను చేర్చారు. 2020లో దరఖాస్తులు పిలిస్తే దాదాపు 9 లక్షలు వచ్చాయి. అదే సమయంలో పాత చట్టం రద్దయి కొత్త చట్టం రావడంతో, ఏ చట్టం కింద వీటిని పరిష్కరిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్ళి అవి నిలిచిపోయాయి. లక్షల కుటుంబాల బతుకు రెండు చట్టాల సందున ఇరుక్కున్నది.

5

ఇప్పుడు కంప్యూటరు సంగతి. దాన్ని తిట్టడం అభ్యుదయం కాదు. 1984లో రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దుచేసినప్పుడు వంశపారంపర్యమైన ఒక పెత్తనం కూలింది. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో రెండు వందలకు పైగా రిజిస్ట్రేషను కచేరీలలో కార్డ్ పేరుతో కంప్యూటర్లు పెట్టినప్పుడు, రోజుల తరబడి తిరిగితే గాని దొరకని ఇ.సి. నిమిషాలలో చేతికి రావడం మొదలయింది. ఆస్తి మీద తాకట్టు వున్నదా, ముందే ఎవరికైనా అమ్మారా అని ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా తెలుసుకోగలగడం సామాన్యుడికి చిన్న లాభం కాదు.

కాని 2004లో వెలువడిన ఒక అధ్యయనం ఏం చెప్పింది? యంత్రాలు వచ్చినా దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వమూ, వారి ద్వారా లోపలికి పోయే మామూళ్ళూ పోలేదన్నది. ఇందులో ఆశ్చర్యం లేదు. కచేరీకీ సామాన్యుడికీ మధ్య ఖాళీ అలాగే వున్నంతకాలం ఆ ఖాళీలో ఎవడో ఒకడు కూర్చుంటాడు. ఇదివరకు అతని చేతిలో కలం వుండేది, ఇప్పుడు కీబోర్డు వున్నది.

2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి పోర్టల్ వచ్చింది. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషను, పేరు మార్పిడి రెండూ తహసీల్దారు దగ్గర ఒకేరోజు జరిగే ఏర్పాటు అది. పేరు సరిగా వున్నవాడికి అది నిజంగా సుఖం. పేరు తప్పు పడ్డవాడి సంగతి? ఆ తప్పు ఎవరు దిద్దాలో తహసీల్దారుకే తెలియని రోజులు గడిచాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, పాత పహాణీలో వుండే అనుభవదారు గడి - భూమి ఎవరి సాగులో వున్నదో చెప్పే గడి - ధరణిలో లేకుండాపోయింది. ఒక్క గడి తీసివేయడంతో కౌలుదారు, సాదా బైనామా రైతు, దున్నుతున్న పేదవాడు ఒకేసారి కాగితం మీదినుంచి మాయమయ్యారు. ఇదివరకు ఈ పని చేయడానికి ప్రతి ఊళ్ళోనూ ఒక పట్వారీ కావలసి వచ్చేది. 2025లో భూభారతి చట్టం ధరణి స్థానంలోకి వచ్చింది. దాని మంచిచెడ్డలు కూడా ఈ కొలబద్దతోనే చూడాలి.

హద్దులను గురించి ముందు చెప్పిన మాట ఇప్పుడు గుర్తుచేస్తాను. నాకు తెలిసిన ఒక సన్నకారు రైతు ఎకరంన్నర కొన్నాడు. నాలుగు హద్దులూ దస్తావేజులో సరిగానే పడ్డాయి. సర్వే నంబరు కింద సబ్‌డివిజను అంకె ఒకటి తప్పు పడింది. ఇరవై ఏళ్ళు ఆ హద్దుల లోపల దున్నుకున్నాడు. ఎవరూ కాదనలేదు. బ్యాంకు అప్పుకు వెళ్ళినరోజున, కంప్యూటరులో ఆ నంబరు మరొకరి పేర వున్నదన్నారు. దిద్దాలంటే సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినవాడి సంతకం కావాలి. అమ్మినవాడు చనిపోయాడు. కొడుకులు పట్నంలో వున్నారు, సంతకానికి వెల కట్టారు. నంబరుకూ హద్దులకూ తేడా వస్తే న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే బలం ఇస్తాయి. యంత్రం హద్దులు చదవదు, నంబరు చదువుతుంది. నన్నయ కాలంనాటి రాజుకు అవసరమైన దున్నేవాడి మాట పోర్టల్‌కు అవసరం లేకపోయింది.

ఆ తప్పు రాసినవాడు స్థానిక లేఖరే. అతనికి ఏ శిక్షా లేదు, ఏ నష్టపరిహారమూ అతను కట్టలేదు. ఆన్‌లైన్ సంస్థ రాసివున్నా, పోర్టల్‌లో రైతు కొడుకే నింపివున్నా జరిగేది ఇదే. తప్పు ఎవరిదైనా మూల్యం దున్నేవాడిదే అన్న సూత్రం మారలేదు.

6

ఈ చట్టాలు మనకు తెచ్చిపెట్టిన ఇంగ్లండులో ఇదే సమస్య ఎలా నడిచిందో క్లుప్తంగా చూద్దాము. అక్కడ రుసుము తీసుకుని ఆస్తిపత్రాలు రాసే హక్కును 1804 చట్టం న్యాయవాదవర్గానికి గుత్తగా ఇచ్చింది. 1985 చట్టం ఆ గుత్తాధిపత్యాన్ని సడలించి, లైసెన్సు పొందిన వేరే నిపుణులకు కూడా అవకాశం కల్పించింది. తరువాత ఇంటర్నెట్ సంస్థలు వచ్చాయి. వీధి చివరి ఆఫీసా, ఆన్‌లైన్ సంస్థా అన్న చర్చ అక్కడా వున్నది. ధర, వేగం, ఫోను ఎత్తుతారా లేదా అన్నవే అక్కడి వాదాలు. అలా వాదించుకునే వెసులుబాటు వారికి ఎందుకున్నది? ఎవరిని ఎంచుకున్నా ఆ మనిషి లైసెన్సు కింద వుంటాడు. తప్పు చేస్తే నష్టం కట్టడానికి బీమా వుంటుంది. కొనేవాడికీ అమ్మేవాడికీ సాధారణంగా వేరువేరు మనుషులు పనిచేస్తారు. ఆ దేశం న్యాయానికి పుట్టిల్లు అని నేను చెప్పడం లేదు. ఆస్తిపరులు తమ కోసం కట్టుకున్న రక్షణ అది. మన దేశానికి తెచ్చినప్పుడు చట్టాన్ని తెచ్చారు, రక్షణను అక్కడే వుంచుకున్నారు.

పత్రం కాదు, హక్కునే నమోదు చేయాలన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ ఆ పద్ధతి పెట్టాడు. అక్కడ హక్కుకు ప్రభుత్వం హామీ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి భూ హక్కుల చట్టం అదే పేరుతో వచ్చింది. సివిల్ కోర్టుల అధికారాన్ని అది తగ్గిస్తున్నదని న్యాయవాదులు ఆందోళన చేశారు. 2024లో ఆ చట్టం రద్దయింది. హక్కు నిర్ణయించే కలం అధికారి చేతికి ఇచ్చి, ఆ కలాన్ని ప్రశ్నించే దారి ఇరుకు చేస్తే జనం నమ్మరని ఆ అనుభవం నేర్పింది.

కనుక ఏది మేలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. పట్నంలో, వరస పత్రాలన్నీ సక్రమంగా వున్న ఫ్లాటు కొనేవాడు పోర్టల్‌లో తానే రాసుకోవచ్చు. దళారీకి ఇచ్చే డబ్బు మిగులుతుంది. వారసులు, వాటాలు, కౌలు, దారి హక్కు, చెరువు నీరు ముడిపడిన పల్లె భూమికి మాత్రం ఆ నేల మీద నడిచి, పక్క రైతులను అడిగి, హద్దు చూసి రాసే మనిషి కావాలి. ఆ మనిషి స్థానికుడైనంత మాత్రాన మనవాడు కాడు. అతన్ని తెచ్చింది ఎవరు, కూలి ఇచ్చేది ఎవరు, పత్రం మీద తన పేరు పెడతాడా, అమ్మేవాడికి అర్థమయ్యే తెలుగులో చదివి వినిపిస్తాడా అని అడగాలి. ఇదే ప్రశ్నలు ఆన్‌లైన్ సంస్థనూ అడగాలి. జవాబు చెప్పలేని చోటికి పోకూడదు.

ఒక్కొక్కరు విడిగా జాగ్రత్తపడితే తీరే సమస్య కాదిది. 1908 చట్టం స్థానంలో ఆన్‌లైన్ రిజిస్ట్రేషనుకు వీలు కల్పించే కొత్త బిల్లు ముసాయిదాను కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఇలాంటి సందర్భాలలో రైతు సంఘాలు, కౌలుదార్ల సంఘాలు, రచయితలు అడగవలసినవి స్పష్టంగా వున్నాయి. దస్తావేజు వాడుక తెలుగులో వుండాలి. వేలు వేసేముందు చదివి వినిపించడం, విన్నాడని నమోదు చేయడం తప్పనిసరి కావాలి. రాసిన మనిషి గాని సంస్థ గాని పేరు పెట్టాలి, తప్పుకు నష్టం భరించాలి. ప్రభుత్వ రికార్డులో పడిన తప్పును ప్రభుత్వం తన ఖర్చుతో దిద్దాలి. సాగులో వున్నవాడి పేరుకు రికార్డులో ఒక గడి వుండాలి, దాన్ని ఎవరూ ఒక్క మీట నొక్కి తీసివేయడానికి వీల్లేకుండా వుండాలి.

కలం పోయి కీబోర్డు వచ్చినందుకు విచారించను. పాత పత్రాల చివర దస్తూరి అన్న మాట పక్కన ఒక పేరు వుండేది. కొత్త పత్రాలలో ఆ చోటు ఖాళీగా వున్నది. అక్కడ ఎవరి పేరు వుండాలో తేల్చకుండా, ఎవరిచేత రాయించుకోవాలన్న ప్రశ్న తేలదు.